అడవినాభి పనితనం

తొలకరికి మొలిచి, శ్రావణ భాద్రపదాల్లో కంచెల మీదా పొదల మీదా ఎర్రగా విరబూసి, చలి ముదిరేసరికి నేలమట్టమైపోయే తీగ ఒకటుంది. అడవినాభి అంటారు, అగ్నిశిఖ అంటారు, పొత్తిదుంప అనీ కలప్పగడ్డ అనీ కూడా పిలుస్తారు. వృక్షశాస్త్రంలో దాని పేరు గ్లోరియోసా సుపర్బా. వసనాభి వేరు, ఇది వేరు. రెంటికీ చుట్టరికం లేదు; విషంలో మాత్రం ఒకదానికొకటి తీసిపోవు.

ముందు పైపైన చూద్దాం. ఈ తీగకు పాకడానికి విడిగా నులితీగలు లేవు. ఆకు కొసే సన్నబడి, మెలిక తిరిగి, అందిన పుల్లను చుట్టేసుకుంటుంది. పువ్వు తల కిందికి వాల్చుకుని ఉంటే, ఆరు రేకులూ వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి. వాటి అంచుల నిండా ముడతలు. విచ్చేటప్పుడు లేత ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు, ఆపైన నారింజ, చివరికి ముదురెరుపు. అన్ని వయసుల పువ్వులూ ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి ఆ రంగులన్నీ ఒకే చూపులో కనబడతాయి. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది దాని కీలం. పువ్వు నడిమధ్య నుంచి తిన్నగా దిగాల్సింది, అండాశయం దగ్గరే లంబకోణంలో పక్కకి తిరిగిపోతుంది. సొంత పుప్పొడి సొంత కీలాగ్రం మీద పడకుండా ఉండటానికి ఆ ఏర్పాటు.

మొక్కకు మేలు చేసే ఈ ఏర్పాటు రైతుకు కూలి ఖర్చు. తమిళనాడులో ఇది రాష్ట్ర పుష్పమే కాదు, పంట కూడా. దిండిగల్, కరూర్, తిరుప్పూర్ జిల్లాల్లో తీగెల పందిళ్ల మీదికి పాకించి గింజ కోసం పెంచుతారు. పుప్పొడి తనంతట తాను సరిగా అందదు కనుక, పూత కాలమంతా పొద్దున్నే పందిరి కింద తిరుగుతూ పువ్వు పువ్వుకూ చేత్తోనే పుప్పొడి అద్దుతారు. ఆ గింజ చాలావరకు విదేశాల మందుల కంపెనీలకు పోతుంది. అందులోంచి వాళ్లు తీసేది కోల్చిసిన్.

వాపు, మంట తగ్గించే మొక్కలంటే మనకు ముందు పసుపు, అల్లం, గుగ్గులు గుర్తొస్తాయి. వాటి మీద జరిగిన పరిశోధనకు కొదవ లేదు. కానీ అల్లోపతి డాక్టరు కీళ్లవాపుకు మందు చీటీ మీద రాసే మాత్రల్లో, మొక్క తయారుచేసింది తయారుచేసినట్టుగా, ఒక్క పరమాణువు కూడా మార్చకుండా వాడుతున్నది ఏదని అడిగితే, జవాబు కోల్చిసినే. విల్లో చెట్టు బెరడులోని పదార్థాన్ని రసాయన శాస్త్రజ్ఞులు మార్చి మార్చి ఆస్పిరిన్ చేశారు. కోల్చిసిన్‌కు అలాంటి మెరుగు పెట్టాలని చూసినవాళ్లు ఉన్నారు గానీ, గౌట్ అనే కీళ్లవాపుకు మందుగా దాని స్థానం తీసుకున్న మార్పిడి సరుకు ఏదీ రాలేదు. మొక్క పనే నిలిచింది. ఆ పని ఎలాంటిదో కాస్త నిదానంగా చూడాలి.

కోల్చిసిన్ చిన్న అణువు. అణుభారం 399. కార్బన్లు 22, హైడ్రోజన్లు 25, ఒక్క నైట్రోజన్, ఆరు ఆక్సిజన్లు. కార్బన్లు మూడు వలయాలుగా కూర్చుని ఉంటాయి. మొదటిది మామూలు ఆరు కార్బన్ల వలయం, దానికి మూడు మెథాక్సీ గుంపులు. నడిమి వలయంలో ఏడు కార్బన్లు. నైట్రోజన్ దాన్ని అంటుకుని ఉంటుంది. మూడోది కూడా ఏడు కార్బన్లదే, అయితే అందులో ఎలక్ట్రాన్లు వలయమంతా పంచుకుని తిరుగుతుంటాయి. దీన్ని ట్రోపోలోన్ వలయం అంటారు. ప్రకృతిలో ఆరు కార్బన్ల వలయాలు కోకొల్లలు, ఈ ఏడు కార్బన్లది అరుదు.

ఎంత అరుదంటే, స్టెరాల్స్ మీద చేసిన కృషికి 1928లో నోబెల్ పొందిన అడాల్ఫ్ విండాస్ అంతటివాడు కోల్చిసిన్ నిర్మాణం మీద ఏళ్ల తరబడి పనిచేసి, దాదాపు అంతా సరిగ్గా పట్టుకుని, ఈ మూడో వలయాన్ని మాత్రం ఆరు కార్బన్లదిగానే గీశాడు. ఆ బొమ్మతో కొన్ని ప్రయోగ ఫలితాలు పొసగలేదు. 1945లో మైకేల్ డ్యూయర్ అనే బ్రిటిష్ యువ శాస్త్రజ్ఞుడు, అప్పటికే అచ్చయిన ఫలితాలను దగ్గర పెట్టుకుని ఆలోచించి, అది ఏడు కార్బన్ల వలయం అయ్యుండాలని చెప్పాడు. 1952లో ఎక్స్‌రే పరీక్ష అతను చెప్పిందే నిజమని చూపింది. ప్రయోగశాలలో దాన్ని మొదటి నుంచి చివరి దాకా కూర్చడం 1959లో గానీ సాధ్యపడలేదు. జ్యూరిక్‌లో ఆల్బర్ట్ ఎషెన్‌మోజర్ బృందం అది చేసింది.

ఏ గాజు పరికరమూ లేకుండా మట్టిలో కూర్చున్న దుంప దీన్నెలా చేస్తోంది? నా మటుకు ఈ కథంతటిలో ఇదే అసలు ఘట్టం. ముడిసరుకు రెండు సాదా అమైనో ఆమ్లాలు, ఫినైల్ అలనిన్, టైరోసిన్. మన కందిపప్పులో ఉండేవే. ఫినైల్ అలనిన్ నుంచి మొదటి వలయం వస్తుంది, టైరోసిన్ నుంచి మూడోది. టైరోసిన్‌లో ఉన్నది ఆరు కార్బన్ల వలయమే. మరి ఏడో కార్బన్ ఎక్కడిది? అలన్ బాటర్స్‌బీ, ఎడ్వర్డ్ లీట్ అనే శాస్త్రజ్ఞులు 1960ల కాలంలో టైరోసిన్‌లోని ఒక్కో కార్బన్‌కు రేడియోధార్మిక గుర్తు పెట్టి మొక్కలకు అందించి, ఆ గుర్తు చివరికి ఎక్కడ తేలుతుందో చూశారు. వలయాన్ని ఆనుకుని తోకలో ఉన్న మొదటి కార్బన్‌నే మొక్క వలయంలోకి లాగేసుకుంటోందని తేలింది. బయటి నుంచి ఏదీ తేలేదు, పక్కనున్నదాన్నే లోపలికి జరుపుకుంది.

అలా జరుపుకోవాలంటే ఆ కార్బన్‌కు తోకలోని తర్వాతి కార్బన్‌తో ఉన్న బంధం తెగాలి. తెగిన ఆ రెండో కార్బన్ ఏమవుతుంది? నైట్రోజన్‌ను పట్టుకుని వేలాడుతూ ఉండిపోతుంది. మొక్క దాన్ని తర్వాతి అడుగులో తీసేసి, ఆ చోట వేరే గుంపును తగిలిస్తుంది. అప్పటికి కోల్చిసిన్ పూర్తవుతుంది. తయారీలో మిగిలిన తునక మధ్య దశల్లో ఇంకా అతుక్కునే కనబడటం వల్లే, ఏ బంధం ఎక్కడ తెగిందో ఊహించడానికి శాస్త్రజ్ఞులకు ఆధారం దొరికింది.

ఈ పనంతా చేసే ఎంజైములు ఏవో మాత్రం 2020 దాకా తెలియలేదు. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ శాట్లీ బృందం అందుకు ఎంచుకున్నది మన అడవినాభినే. దాని జన్యుపటం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. ఏ భాగంలో కోల్చిసిన్ తయారవుతోందో అక్కడ ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో ఏరి, ఒక్కోదాన్ని పొగాకు జాతి మొక్క ఆకులో పెట్టి పరీక్షించారు. ఎనిమిది కొత్త జన్యువులు దొరికాయి. మొత్తం 16 ఎంజైములను ఆ పొగాకు ఆకులో వరసగా పనిచేయిస్తే, రెండు అమైనో ఆమ్లాల నుంచి ఏడు కార్బన్ల వలయమున్న దశ దాకా ఆ ఆకే తయారుచేసింది. వలయాన్ని పెంచేది సైటోక్రోమ్ పీ450 కుటుంబానికి చెందిన ఎంజైము. ఈ కుటుంబం మామూలుగా చేసేది ఆక్సిజన్ తగిలించే పని. ఇక్కడ మాత్రం ఆ కుటుంబపు ఎంజైమే కార్బన్ల అమరికను మార్చి వలయాన్ని ఏడుకు పెంచింది. పాత పరికరంతో కొత్త పని చేయడం ప్రకృతికి అలవాటే అయినా, ఇంత తెగువ అరుదు.

ఇక ఈ అణువు మన ఒంట్లో ఏం చేస్తుంది? 1967లో షికాగో విశ్వవిద్యాలయంలో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ కోల్చిసిన్‌కు రేడియోధార్మిక ట్రిటియం గుర్తు పెట్టి, కణాల్లో అది దేన్ని అంటుకుంటుందో వెతికారు. కణ విభజనను అది ఆపుతుందని అప్పటికే తెలుసు కనుక, వేగంగా విభజన జరిగే కణజాలంలో ఎక్కువ అంటుకోవాలి. తీరా చూస్తే, విభజన దాదాపు జరగని మెదడులో విపరీతంగా అంటుకుంది. ఆ అయోమయమే దారి చూపింది. నాడీ కణాల పొడుగాటి తంతువుల నిండా సన్నని గొట్టాలుంటాయి, మైక్రోట్యూబ్యూల్స్. విభజన సమయంలో క్రోమోజోములను లాగేవీ అవే. ఆ గొట్టాలను కట్టే ప్రోటీన్‌నే కోల్చిసిన్ పట్టుకుంటోంది. తర్వాత దానికి ట్యూబ్యులిన్ అని పేరొచ్చింది. కణం లోపలి నిర్మాణంలో ఇంత కీలకమైన ప్రోటీన్ దొరికింది ఒక విషపు మొక్క పుణ్యాన.

ట్యూబ్యులిన్ జంట ముక్కలుగా ఉంటుంది, ఆల్ఫా ఒకటి, బీటా ఒకటి. జంటలు ఒకదాని మీద ఒకటి చేరి దారమవుతాయి, మామూలుగా 13 దారాలు చుట్టూ చేరి గొట్టమవుతాయి. ఆ గొట్టం వ్యాసం 25 నానోమీటర్లు. విడిగా తిరిగేటప్పుడు ఈ జంట కాస్త వంగి ఉంటుంది. గొట్టం గోడలో కుదురుకోవాలంటే నిటారు కావాలి. కోల్చిసిన్ సరిగ్గా ఆల్ఫా బీటాల సరిహద్దులో, బీటా వైపున్న సందులో దూరుతుందని 2004లో వచ్చిన స్ఫటిక చిత్రం చూపించింది. తలుపు మడతబందులో రాయిముక్క ఇరుక్కుంటే రెక్క ఎలా పూర్తిగా తెరుచుకోదో, ఆ జంట అలా వంగే ఉండిపోతుంది. అణువులోని మొదటి వలయమూ మూడో వలయమూ ఒకే తలంలో లేకుండా మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక ఇటు కాకుండా అటు తిరిగితే సందులో సరిగా కుదరదు. ఇంకో సొగసు ఏమిటంటే, కణంలోని జంటలన్నిటినీ పట్టుకోవాల్సిన పని లేదు. కోల్చిసిన్ మోస్తున్న కొన్ని జంటలు గొట్టం కొసన చేరితే చాలు, ఆ కొస పెరగడం ఆగిపోతుంది. మిల్లీగ్రాములో సగంతో ఇంత పని జరగడానికి ఒక కారణం ఇదే.

అడవినాభికి తన విషం తనకు ఎందుకు తగలదని అడగవచ్చు. మొక్కల ట్యూబ్యులిన్‌కు కోల్చిసిన్ గట్టిగా అంటుకోదు. జంతువుల కణాలను ఆపే మోతాదుకు ఎన్నో వందల రెట్లు పోస్తే గానీ మామూలు మొక్కల కణాలు లొంగవు. అలా పోసి క్రోమోజోములను రెట్టింపు చేసే పద్ధతితోనే గింజల్లేని పుచ్చకాయలు పుట్టాయి. అది వేరే కథ.

గౌట్‌ దగ్గరికి వద్దాం. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, కాలి బొటనవేలి కీలు లాంటి చల్లని చోట సూదుల్లాంటి స్ఫటికాలుగా దిగుతుంది. అక్కడి కాపలా కణాలు వాటిని మింగి ప్రమాద సంకేతం పంపుతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడ దాటుకుని గుంపులుగా వచ్చి పడతాయి. వచ్చినవి కూడా స్ఫటికాలను మింగి, మళ్లీ సంకేతాలు పంపి, మరిన్నిటిని పిలుస్తాయి. రాత్రి బాగానే పడుకున్నవాడు తెల్లవారుజామున దుప్పటి తగిలినా ఓర్వలేక లేచి కూర్చుంటాడు. కోల్చిసిన్ యూరిక్ యాసిడ్‌ను తగ్గించదు, స్ఫటికాలను కరిగించదు, పారాసిటమాల్ తీరున నొప్పిని నేరుగా అణచదు. న్యూట్రోఫిల్స్‌ను కాళ్లు కదలకుండా చేస్తుంది. గొట్టాలు సరిగా కట్టుకోలేని కణం నాళం గోడను పట్టుకోలేదు, దారి మళ్లలేదు, లోపలి సామగ్రిని అటూ ఇటూ చేరవేయలేదు. ఒకదాన్ని చూసి ఒకటి చేరే ఆ వరస తెగుతుంది.

ఒంట్లో ట్యూబ్యులిన్ లేని కణం లేదు. అలాంటప్పుడు తక్కువ మోతాదులో న్యూట్రోఫిల్స్‌కే ఎందుకు గురి? చాలా కణాలు లోపలికొచ్చిన కోల్చిసిన్‌ను పీ గ్లైకోప్రోటీన్ అనే పంపుతో బయటికి తోసేస్తాయి. న్యూట్రోఫిల్స్‌లో ఆ పంపు బహు తక్కువ. అందుకని మందు వాటిలోనే పోగుపడుతుంది, రక్తంలో తగ్గిపోయాక కూడా తెల్లకణాల్లో రోజుల తరబడి ఉంటుంది. ఈ పంపును గుర్తుపెట్టుకోండి, దీనితో ఇంకా పనుంది.

ఇంత లెక్క తెలియకముందే వైద్యులు దీన్ని వాడారు. ఆరో శతాబ్దపు బైజాంటిన్ వైద్యుడు అలెగ్జాండర్ ఆఫ్ ట్రాలెస్ గౌట్‌కు ఇచ్చింది అడవినాభి కుటుంబానికే చెందిన కోల్చికమ్ దుంప. యునానీలో దానికి సూరంజాన్ అని పేరు. కాశ్మీర్ కోల్చికమ్ నుంచి వచ్చే సూరంజాన్ కలిపిన మాజూన్‌ను హైదరాబాద్ హకీములు కీళ్లనొప్పులకు ఇస్తూనే ఉన్నారు. ఆయుర్వేదం లాంగలి పేరుతో అడవినాభిని ఉపవిషాల్లో చేర్చింది, గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చేయకుండా ముట్టుకోవద్దంది. 18వ శతాబ్దం చివర్లో హుస్సోన్ అనే ఫ్రెంచి సైనికాధికారి గౌట్‌కు రహస్య ఔషధం అమ్మి యూరప్‌ను ఊపేశాడు. అందులో ఉన్నది కోల్చికమేనని 1814లో లండన్‌లో జేమ్స్ వాంట్ బయటపెట్టాడు. 1820లో అందులోని మందు పదార్థాన్ని విడదీసిన పెల్టియే, కవెంతూ అనే రసాయన శాస్త్రజ్ఞులు ఆ ఏడాదే క్వినైన్‌ను కూడా విడదీశారు. చేయి తిరిగిన జంట. కోల్చిసిన్ అని పేరు పెట్టింది 1833లో గైగర్.

మొక్క పని అంత కచ్చితమైతే, మనుషుల పని చాలాకాలం మొరటుగానే సాగింది. గౌట్ వస్తే గంటకో మాత్ర చొప్పున, నొప్పి తగ్గేదాకానో వాంతులో విరేచనాలో మొదలయ్యేదాకానో వేసుకోమనడం డాక్టర్ల ఆనవాయితీ. పేగు లోపలి పొర కణాలు వేగంగా విభజన చెందుతాయి కనుక దెబ్బ ముందు వాటికే తగులుతుంది. అంటే విషపు తొలి లక్షణాన్నే మోతాదుకు కొలతగా పెట్టుకున్నారు. 2010లో అచ్చయిన ఒక పరీక్షలో 184 మంది గౌట్ రోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆరు గంటల్లో 4.8 మిల్లీగ్రాములు, ఇంకో జట్టుకు గంటలో 1.8, మూడో జట్టుకు ఉత్తి మాత్ర. నొప్పి సగానికి తగ్గినవాళ్లు తక్కువ మోతాదు జట్టులో 38 శాతం, ఎక్కువ మోతాదు జట్టులో 33 శాతం, ఉత్తి మాత్ర జట్టులో 16 శాతం. విరేచనాలు మాత్రం ఎక్కువ మోతాదు వాళ్లలో 77 శాతం మందికి, తక్కువ మోతాదు వాళ్లలో 23 శాతానికి. పద్నాలుగు వందల ఏళ్ల వాడకంలో మనిషి తరఫున జరిగిన అత్యుత్తమ పనితనం నా దృష్టిలో ఇదే, తగ్గించి ఇవ్వడం నేర్చుకోవడం. (ఈ పరీక్ష ఆధారంగా అమెరికాలో ఒక కంపెనీ ప్రత్యేక హక్కులు సంపాదించి, దాదాపు 9 సెంట్ల మాత్రను 5 డాలర్ల దాకా తీసుకుపోయింది. పనితనాల్లో ఇదొక రకం.)

గౌట్ దాటి కూడా తక్కువ మోతాదుకు తలుపులు తెరుచుకున్నాయి. మధ్యధరా ప్రాంతపు వంశపారంపర్య జ్వరంలో రోజూ వేసుకుంటే జ్వరం రాకుండా ఆపుతుందని 1972లోనే స్టీఫెన్ గోల్డ్‌ఫింగర్ రాశాడు. ఆర్మేనియన్లు, తుర్కులు, యూదులు, అరబ్బుల్లో కనబడే ఆ జబ్బుకు ఇప్పటికీ అదే మొదటి మందు. ఇప్పుడు చూపు గుండె మీద పడింది. ధమనుల్లో కొవ్వు పేరుకోవడం వెనక కూడా వాపు హస్తం ఉంది. గుండెపోటు వచ్చిన నెలలోపు 4,745 మందిని తీసుకుని రోజుకు 0.5 మిల్లీగ్రాము ఇచ్చి చూసిన 2019 నాటి కోల్‌కాట్ పరీక్షలో, మళ్లీ పెద్ద ప్రమాదాలు ఎదురైనవాళ్లు 5.5 శాతం, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 7.1. మరుసటి ఏడు 5,522 మంది దీర్ఘకాల గుండె రోగులతో జరిగిన ఇంకో పరీక్షలో 6.8 శాతం, 9.6 శాతం. 2023లో అమెరికా ఔషధ సంస్థ ఈ మోతాదుకు గుండె మందుగా అనుమతిచ్చింది. 2024లో ఏడు వేల మందికి పైగా గుండెపోటు రోగులతో జరిగిన మూడో పరీక్షలో తేడా ఏమీ కనబడలేదు, 9.1, 9.3. డాక్టర్లలో వాదన సాగుతోంది. నాకు మొదటి రెండూ ఊరికే కొట్టేయదగ్గవిగా అనిపించవు, మూడోదాన్ని చూశాక అందరికీ రాసేయమనడానికీ మనసొప్పదు.

ఇప్పుడు ఆ పంపు సంగతి. న్యూట్రోఫిల్స్‌లో తక్కువగా ఉండి మందును గురికి చేర్చే ఆ పీ గ్లైకోప్రోటీనే పేగుల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో పుష్కలంగా ఉండి, ఎక్కువైన కోల్చిసిన్‌ను బయటికి పంపుతుంది. క్లారిత్రోమైసిన్ అనే మామూలు యాంటీబయాటిక్ ఆ పంపునూ, కోల్చిసిన్‌ను విరిచే కాలేయ ఎంజైమునూ రెంటినీ అడ్డుకుంటుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్‌ది కూడా ఇదే వరస, గౌట్ కూడా వాళ్లలో తరచుగా వస్తుంది. మోతాదు మారకపోయినా ఒంట్లో నిల్వ పెరుగుతుంది. ముందు వాంతులు, విరేచనాలు, తర్వాత ఎముక మజ్జ పని ఆగడం, కండరాలు చచ్చుబడటం, ఆపైన గుండె. ఇలా చనిపోయినవాళ్ల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి, ఆసుపత్రుల్లో సులభంగా దొరికే విరుగుడు లేదు. ఏడు మిల్లీగ్రాములతోనే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి, అంటే పద్నాలుగు మాత్రలు. కంచె మీది తీగ దుంపలో ఎంత ఉందో కొలిచి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, కాబట్టి దాన్ని అరగదీసి మింగించే సొంతవైద్యం జోలికి పోకూడదు. బొటనవేలు వాచి వెళ్లినవాడికి ఈ మాత్ర రాసేముందు డాక్టరు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఎందుకడుగుతారో, ఇంకేమేం మందులు వాడుతున్నావని ఎందుకు గుచ్చి గుచ్చి అడుగుతారో కారణం ఆ పంపే.